అతిథి కుర్చీలో తోటమాలి

రేపు రాబోయే పొరుగుదేశపు అధ్యక్షుడి కుర్చీలో ఇవాళ తోటమాలిని కూర్చోబెట్టారు. కెమెరా లైట్లు సరిచూసుకోవడానికి ఒడ్డూ పొడుగూ అతనివే సరిపోయాయట.

ప్రధాని వచ్చి, తోటమాలి చేతిని రెండు చేతులా పట్టుకుని, పళ్లన్నీ కనిపించేలా నవ్వారు.

"మీ కష్టం మా కష్టమే. మొహమాటపడకుండా చెప్పండి."

అవి రేపటి కోసం బట్టీపట్టిన మాటలు. ఆ సంగతి తోటమాలికి ఎవరూ చెప్పలేదు.

"మా వీధికి నీళ్లు రాక ఇరవై రోజులైందండీ. మా ఆవిడ బిందె పట్టుకుని ఊరంతా తిరుగుతోంది."

గదిలో అందరూ బిక్కచచ్చిపోయారు. ప్రధాని నవ్వు మాత్రం చెక్కుచెదరలేదు. "యాభై ట్యాంకర్లు పంపిస్తున్నాం. స్నేహమంటే అదే కదా!"

ప్రధాని నోట ఊడిపడ్డ ప్రతి మాటా రాసుకోవడం కార్యదర్శి ఉద్యోగం. రాసుకున్నాడు. ఎవరికిచ్చిన మాట అన్నచోట, కుర్చీ మీదున్న పేరు చూసి రాశాడు.

"చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడే!" అన్నాడు తోటమాలి ఇంటికెళ్లి. వీధంతా బిందెలు తోముకుంది.

మూడోనాడు ట్యాంకర్లు నిజంగానే వచ్చాయి, తోటమాలి కట్టిన పూలదండలతోనే. అతని భార్య బిందెతో ఎదురెళ్లింది. ఒక్కటీ ఆగలేదు.

పోలీసు ఆమె చేత బిందె కింద పెట్టించి, జెండా ఇచ్చాడు. "ఊపమ్మా. పొరుగుదేశానికి మన ప్రధాని కానుక."

"పాపం, వాళ్లకీ నీళ్లు లేవా బాబూ?"

"లేకేం? వరదలొచ్చి ములిగిపోతున్నారు."