బస్సు ఆట, రెండో భాగం

“ఈ రెండో భాగం వేస్టు బాపూ! మొదటి ఆటల బస్సు గాలి లెక్క ఉరికేది. గిదేంది, బర్రె లెక్క కదుల్తది!” తొర్రూరు నెట్ సెంటర్లో నిఖిత కీబోర్డు పక్కకు తోసేసింది. ఏడాదిగా ఎదురుచూసిన ఆట మరి.

“జర నాకియ్యి,” అన్నాడు తండ్రి బుచ్చయ్య. తెలంగాణ సమ్మెలో ఉన్న ఆర్టీసీ డ్రైవరు. స్టీరింగు ముట్టి నెలయింది.

మలుపుకు ముందే నెమ్మదించాడు. “నిజం బస్సు గిట్లనే ఉంటది బిడ్డా, బరువుగ.”

పందెంలో మిగతా బస్సులన్నీ దాటిపోయాయి. అయినా మధ్యలో బ్రేకు వేశాడు.

“ఎందుకాపినవ్? ఓడిపోతం!”

“గా అవ్వ చెయ్యెత్తింది.”

రోడ్డు పక్కన ఊరికే చెయ్యి ఊపే బొమ్మ అది. ఈ ఆటలో ఎవరూ బస్సెక్కరు. ఆ మాట నిఖిత నోటిదాకా వచ్చింది. బాపు మాత్రం అద్దంలో చూసినట్టు ఎడమకు చూస్తున్నాడు.

“ఎక్కిందా?”

“ఎక్కింది బాపూ,” అంది నిఖిత. “రైట్ రైట్!”