చెవి అచ్చు

"చెవుల అచ్చు తీయించుకుంటరా లేదా, గా ఒక్క మాట చెప్పుండ్రి స్వామి," అన్నాడు జనార్ధన్, రాజారావు చెవిలోంచి జారి ఒళ్ళో పడ్డ ఇయర్‌ఫోన్ తీసి తుడుస్తూ.

మేడ్చల్‌లో కొత్తగా వెలసిన కాలనీ. ఖాళీ ప్లాటులో షామియానా వేసి అయ్యప్ప పడిపూజ పెట్టారు. భజన పాడేది రాజారావు. మైకులు, పెట్టెలు జనార్ధన్‌వి. పూజ మొదలవడానికి ఇంకా కాస్త సమయం ఉంది.

"ఇప్పుడే తేల్చాలా?" అన్నాడు రాజారావు.

"మరెప్పుడు? మీకు మీ గొంతు ఇనరాదు, పక్కనున్న స్పీకర్ బాక్సు సౌండు పెంచుమంటరు. పెంచితే అది కూత పెడ్తది. మొన్న గండిమైసమ్మ కాడ అది కూత పెడితే, కర్పూరం పట్టుకున్న మొగులయ్య గురుస్వామి ఎగిరిపడ్డడు. ఇంకోపారి గిట్లయితే పాడెటోళ్ళను మారుస్తనన్నడు. నేనన్లే, ఆయనే అన్నడు."

"విన్నాను లెండి."

"గందుకే బాక్సు తీసేసి ఇది తెచ్చిన. ఇదేమో అందరి చెవులకు ఒక్కటే సైజు. మీవేమో చిన్న చెవులాయె. సికింద్రాబాద్‌ల చెవి మిషన్ల దుకాణం ఉంది. చెవుల మెత్తగ ముద్ద అసొంటిది పెట్టి అచ్చు తీస్తరు. ఆ అచ్చుకు తగ్గట్టు చేసిస్తరు. ఇగ మీరు తలకాయ ఊపినా ఊడది, సాష్టాంగం పడ్డా ఊడది."

"దాంతో బయట శబ్దం ఏమన్నా వినపడుతుందా?"

"అస్సలు ఇనరాదు. మీ గొంతు, హార్మోనియం, గంతే. శ్రుతి తప్పమన్నా తప్పరు."

రాజారావు మెడలో మాల సర్దుకున్నాడు. ఎదురుగా పద్దెనిమిది మెట్లు, వాటి పైన పూలలో మునిగిపోయిన స్వామి. రాజారావు కూర్చునేది ఎప్పుడూ స్వామికి ఎదురుగానే. జనం అతని వీపు వెనక ఉంటారు.

"నేను శరణు చెబుతాను. వెనకనుంచి వాళ్ళు శరణమయ్యప్ప అంటారు. వాళ్ళు ఉన్నారని నాకు తెలిసేది ఆ ఒక్క మాటతోనే," అన్నాడు. "అది వినపడకపోతే ఎవరికోసం పాడినట్టు?"

"దేవునికోసం."

"ఆయన నాకెప్పుడన్నా బదులు పలికాడా?" అనేసి, రాజారావు గబగబా లెంపలు వేసుకున్నాడు. తరువాత గొంతు తగ్గించాడు. "తప్పుగా అనుకోకండి. అల్వాల్‌లో నేనొక్కణ్ణే ఉండే రెండు గదుల్లో పొద్దున్నే దీపం పెట్టి శరణు చెప్పుకుంటాను. నేనే చెప్పాలి, నేనే అందుకోవాలి."

జనార్ధన్ కాసేపు మెడ గోక్కున్నాడు.

"ఒక పని జేస్త స్వామి. జనం నడుమ ఇంకో మైకు పెడ్త. వాళ్ళ గొంతు సీదా మీ చెవులకే అస్తది. ఇయ్యాల్టికి గిట్ల పాడి చూడుండ్రి. మంచిగనిపిస్తే రేపు అచ్చుకు పోదాం. లేదంటే మళ్ళ బాక్సే పెట్టుకుందాం. ఇగ మీరు, మీ గురుస్వామి."

పూజ మొదలయ్యే ముందు రాజారావు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టి, పైనుంచి దూది కుక్కాడు.

రాజారావు కళ్ళు మూసుకుని శరణు చెప్పాడు. చెవుల్లోకి జవాబు వచ్చింది. షామియానా కింద ఉన్న గొంతులన్నీ ఒక్కసారిగా వచ్చి భుజం మీద చెయ్యి వేసినట్టు వచ్చింది. అతని గొంతు దానంతటదే పైస్థాయికి వెళ్ళింది, అక్కడే నిలిచింది. ఒక పాట అయ్యాక ఇంకొకటి అందుకున్నాడు. పాటపాటకీ జవాబు చిక్కబడుతోందే గానీ పలచబడలేదు. మెట్ల మీద కర్పూరం వెలిగిస్తున్న మొగులయ్య వెనక్కి తిరిగి, బాగుందన్నట్టు తల ఆడించాడు. రాజారావు మనసులో లెక్క తేలిపోయింది. రేపు సికింద్రాబాద్ వెళ్ళాల్సిందే.

హారతికి తల వంచి మొక్కాడు. ఎడమ చెవి ఇయర్‌ఫోన్ దూదితో సహా జారిపోయింది.

కుడి చెవిలో జనం శరణమయ్యప్ప అంటున్నారు. ఎడమ చెవిలోకి మాత్రం షామియానా గుడ్డ గాలికి కొట్టుకుంటున్న చప్పుడు వచ్చింది. దూరంనుంచి ఎవరో "సాంబారు ఇటు పంపుండ్రి" అన్నారు. ఒక స్కూటర్ స్టార్టయింది.

రాజారావు మొదటిసారి వెనక్కి తిరిగాడు.

జంపఖానాలు ఖాళీగా ఉన్నాయి. ప్లాటు చివర, భిక్ష పెడుతున్న చోట జనమంతా పళ్ళాలతో వరసలో నిలబడ్డారు. వాటి మధ్య జనార్ధన్ పెట్టిన మైకు ఒక్కటే ఉంది. పక్కన జనార్ధన్ క్యాసెట్ ప్లేయర్ మీదికి వంగి, బటన్ మీద వేలు పెట్టి, శరణు ఎప్పుడు వస్తుందా అని కాచుకుని ఉన్నాడు.

రాజారావు అతన్నే చూస్తూ మెల్లగా శరణు చెప్పాడు. జనార్ధన్ వేలు కదిలింది. కుడి చెవిలో వందమంది పలికారు.

అప్పుడు తలెత్తిన జనార్ధన్, రాజారావు తననే చూస్తున్నాడని గమనించి దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"మొదట్ల నిజంగనే అన్నరు స్వామి. ఆడ భిక్ష గిన్నెల మూతలు తీసిండ్రు, ఒక్కొక్కరే లేసిపోయిండ్రు. మీరేమో మంచిగ పాడ్తుండిరి. పోయినేడు మీరు పాడిన పూజ క్యాసెట్ పెట్టెల ఉండె. అప్పుడు మస్తు మంది ఉండిరి గద, అందుకని..." అని నేల చూపులు చూశాడు. "అండ్ల జనం పలికిన ముక్క మీ చెవులకే ఇడిసిన. ఇంకెవ్వరికీ ఇనరాలేదు."

రాజారావు పడిపోయిన ఇయర్‌ఫోన్‌ని కండువాతో తుడిచి, మళ్ళీ ఎడమ చెవిలో పెట్టుకుని వేలితో అదిమి పట్టుకున్నాడు. స్వామివైపు తిరిగి సర్దుకుని కూర్చున్నాడు.

"రేపు పొద్దున్నే వెళ్దాం జనార్ధన్," అన్నాడు. "కాస్త బిగుతుగా చేయమనండి."