ప్రొఫెసీకి ప్రయోగవాక్యం

సహసంపాదకురాలు ఆ కార్డును మూడోసారి చదివింది.

ఫ్రెంచి-తెలుగు నిఘంటువులో ‘ప్రొఫెసీ’ అనే మాటకు వచ్చిన కార్డు అది. అర్థం: జోస్యం, భవిష్యవాణి. దాని కింద టైపు చేసిన ప్రయోగవాక్యం: ‘జోస్యం ఫలించింది, వారం తిరగకుండానే నిఘంటువు గది పైకప్పు కూలింది.’

ఇంకెప్పుడైనా అయితే నవ్వి ఊరుకునేది. కానీ పోయిన నెల లిఫ్టు అనే మాటకు రాసిన కార్డులో, లిఫ్టు రెండో అంతస్తు దగ్గర ఆగిపోయిందని ఉంది. నాలుగు రోజులకే ప్రూఫులు దిద్దే ఆయన సరిగ్గా అక్కడే గంటసేపు ఇరుక్కున్నాడు. గొట్టం కార్డు వచ్చిన వారానికి గొట్టం పగిలి ఒక అల్మారా కార్డులన్నీ నానిపోయాయి. ప్రయోగవాక్యాలు ఎవరైనా రాసి బుట్టలో వేయొచ్చు, పేరు పెట్టే ఆనవాయితీ లేదు. ఇప్పుడు పైకప్పు వంతు. దాని కింద రోజుకు ఎనిమిది గంటలు కూర్చునేది తనే.

కార్డు పట్టుకుని ప్రధాన సంపాదకుడి బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆయన భయమల్లా మాటను తప్పుగా వాడతారేమోననే. లెక్కగట్టి ముందే చెబితే ఫ్రెంచివాళ్ళు ‘ప్రెదిక్సియోఁ’ అంటారని, పూనకం వచ్చినట్టు పలికితేనే ‘ప్రొఫెసీ’ అని పాఠం మొదలుపెట్టాడు.

“వాక్యం బాగుంది. ఉంచెయ్యండి,” అన్నాడు చివరికి.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. ఆమెకు రెండు రోజులు ముద్ద దిగలేదు.

మూడో రోజు పొద్దున ఆమె ఒళ్ళో సున్నం పెళ్ళ పడింది. పై ప్రాణాలు పైనే పోయాయి. భవనం మరమ్మతులు చూసే ముసలాయన్ని పిలిపించింది. అందరూ ఆయన్ని నిచ్చెన బాబాయి అంటారు. ఆయన పైకప్పు వైపు చూడనైనా చూడలేదు.

“ముందు అందరూ బయటికి నడవండమ్మా,” అన్నాడు. కదలనన్న ప్రధాన సంపాదకుణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

వరండాలోకి వచ్చి పది నిమిషాలైనా కాలేదు, గది దద్దరిల్లింది. దుమ్ము అణిగాక చూస్తే పెచ్చుల కింద ఆమె కుర్చీ కనిపించలేదు.

ఆమె వరండా గోడకు చేరగిలబడింది.

“ఆ కార్డులు రాసేది మనిషి కాదు బాబాయ్,” అంది.

ముసలాయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

“ఫిర్యాదులు రాస్తే మీరెవరూ చదవడం లేదు. అందుకే కార్డుల్లో రాశానమ్మా.”