సున్నం కింద వాక్యం

క్రిస్మస్ వస్తోందని చర్చికి సున్నం వేయిస్తున్నారు.

"ఆ గోడ కూడా కొట్టీండి. అచ్చరాలు కనబడకూడదు," అన్నాడు సంఘపెద్ద యేసుపాదం.

సున్నం వేసేవాళ్లు ఆగిపోయారు. అనకాపల్లి రైలుగేటు దగ్గరి ఆ చిన్న చర్చిలో ఏటా ఆ అక్షరాల చుట్టూ జాగ్రత్తగా సున్నం వేయడమే అలవాటు.

వేదిక వెనక గోడ మీద ఆ సంఘం నమ్మేదంతా రాసి ఉంటుంది. అన్నీ నీలిరంగు అక్షరాలు. అడుగున ఒక్క వాక్యం మాత్రం నల్లరంగులో, వంకర రాతలో ఉంటుంది.

'రోగుల కొరకు ప్రార్థించెదము. వారి మందు మాన్పించము.'

అది యేసుపాదం తండ్రి బంగారయ్య రాసింది. ఎందుకు రాశాడో కొడుకు ఎప్పుడూ అడగలేదు.

కొత్త పాస్టరు ఎవరైనా సరే, మొదటి ఆదివారం ఆ గోడకేసి తిరిగి అంతా పైకి చదవాలి. "నేనూ ఇదే నమ్ముతున్నాను" అన్నాకే వేదిక ఎక్కాలి.

ఈసారి వచ్చిన రూఫస్ గారి చేత మాత్రం చదివించలేదు. ఆయన విశాఖ నుంచి కీబోర్డుతో, పెద్ద పెద్ద సౌండ్ బాక్సులతో దిగాడు. అంతటి మనిషిని గోడ చదవమనడానికి పెద్దలకు మొహమాటమేసింది.

"బైబిలుండగా మనుషుల రాతలెందుకండీ?" అని ఆయన నవ్వాడు.

దాంతో ఆ మొహమాటం కాస్తా భక్తి అయి కూర్చుంది. యేసుపాదం సున్నం తెప్పించాడు.

"బాబూ, అది సెరిపీకండి."

గుమ్మంలో ఎవరో ముసలాయన. మాసిన పంచె, చంకలో గొడుగు. పేరు హనోకు అట. రాజయ్యపేట నుంచి బస్సెక్కి వచ్చాడట.

"కొత్త పాస్టరు సేత గోడ సదివించేరా?" అన్నాడు.

"బైబిలుంది కదా. గోడతో ఏటి పని?" అన్నాడు యేసుపాదం.

"బైబిలు అందరి సేతిలోనూ ఉంటాది బాబూ. దాంట్లోంచి ఆయన ఏటి సెప్తాడో మీకు ముందు తెలియాల కదా. గోడ మీదుంటే, రేపు ఆయన దారి తప్పితే ఏలెట్టి సూపించొచ్చు."

యేసుపాదానికి ఒళ్లు మండింది. లోపల రూఫస్ గారు వింటున్నారు మరి.

"నాకో ఆడపిల్ల ఉండేది బాబూ..." ముసలాయన గొంతు తగ్గింది.

ఓహో, అదా సంగతి అనుకున్నాడు యేసుపాదం. పండగ ముందు ఇలాంటివాళ్లు చాలామందే వస్తారు. పది రూపాయల నోటు ఆయన జేబులో కుక్కి, రెక్క పట్టుకుని గేటు దాటించాడు.

ముసలాయన ఆ నోటు తీసి, గేటు పక్క అరుగు మీద పెట్టి, మీద చిన్న రాయి ఉంచి వెళ్లిపోయాడు.

"బిచ్చగాడికి పొగరు సూడు," అన్నాడు యేసుపాదం. అందరూ నవ్వారు.

నీలిరంగు తొందరగానే పోయింది. నల్లరంగు ఎంతకీ పోలేదు. ఆఖరి పూత యేసుపాదమే వేశాడు.

యేసుపాదం కూతురు షెకీనాకి చిన్నప్పటి నుంచి ఫిట్స్. రోజూ మాత్ర వేసుకుంటే రావు. బడికి వెళ్లేది, క్వయిర్‌లో పాడేది.

క్రిస్మస్ ఆరాధనలో రూఫస్ ఆ పిల్ల నుదుట నూనె రాశాడు.

"స్వస్థత జరిగిపోయింది! ఇంకా మాత్ర మింగితే దేవుణ్ణి అనుమానించినట్టే!"

సంఘమంతా చప్పట్లు కొట్టింది.

"రాత్రికి ఒక్క మాత్రండీ, ఏసుకోనీండి," అని ఇంట్లో భార్య బతిమాలింది.

"నీకు ఇశ్వాసం లేదేటే?" అని కసిరాడు యేసుపాదం.

జనవరిలో ఒక పొద్దున్న షెకీనా పెరట్లో బట్టలు జాడిస్తోంది. ఫిట్స్ వచ్చి నీళ్లతొట్టిలోకి ముందుకు పడిపోయింది. తల్లి వచ్చి చూసేసరికే అయిపోయింది.

సమాధి చేసి వచ్చాక యేసుపాదం చర్చిలో పాస్టరును నిలదీశాడు.

"మాత్రలు మాన్పించింది మీరే కదండీ!"

"నేను నమ్మమన్నాను. మీ నమ్మకమే చాల్లేదు," అన్నాడు రూఫస్. "అయినా మందుల సంగతి మీ సంఘంలో ఎక్కడైనా రాసుందా?"

యేసుపాదం వేలెత్తాడు. గోడ తెల్లగా ఉంది.

మిగతా పెద్దలు తలలు దించుకున్నారు. "అయ్యగారన్నదీ నిజమే," అన్నాడొకడు.

ఆ ఆదివారం యేసుపాదం చర్చికి వెళ్లలేదు. రాజయ్యపేట బస్సెక్కాడు. అడిగి అడిగి హనోకు ఇల్లు పట్టుకున్నాడు.

వాకిట్లో ఆయన భార్య అంతోనమ్మ ఎండుచేపలు తిరగేస్తోంది.

"ఆయన లేడు బాబూ. సీడికాడ ఊరెల్లేడు. అక్కడో కొత్త పాస్టరొచ్చేడంట. గోడ సూసొత్తానన్నాడు. నువ్వెవరివి?"

"అనకాపల్లి బంగారయ్య కొడుకునమ్మా."

ఆమె ముఖం విప్పారింది.

"బంగారయ్య గారబ్బాయివా! మీ నాన్న మేలు మరిసిపోలేం నాయనా. ఆ మందుల మాట రాయండని మా ఆయన ఊరూరా తిరిగి కాళ్లట్టుకుంటే, రాసినోడు మీ నాన్నొక్కడే."

యేసుపాదం అడిగాడు.

"ఆయనకెందుకమ్మా అంత పట్టు?"

అంతోనమ్మ చేతిలో చేప పక్కన పెట్టింది.

"అప్పుడీ ఊరి పాస్టరు మా ఆయనే బాబూ. నమ్మకముంటే మందెందుకని, మా పిల్ల మాత్రలు తన సేత్తోనే సముద్రంలో ఇసిరేడు."