పొద్దుగూకినాక చదివిన పేరు

చీకటి పడినా విజయకుమారి పంచాయతీ ఆఫీసు నుంచి కదల్లేదు. వంశవృక్షం రాసుకుంటోంది. సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగిరాని ముత్తాత ఓబయ్య పేరు పాత మరణాల రిజిస్టరులో కనబడాలి.

"దొరికితే ఫోటో తీసుకోమ్మా. సముద్రం తిరిగియ్యనోళ్ల పేర్లు పొద్దుగూకినాక పైకి చదవబాక," అన్నాడు గుమాస్తా రంగనాయకులు, కిటికీ మూస్తూ.

వెలిసిపోయిన అక్షరాలను కూడబలుక్కుంటూ, ఆ మాట మరిచి గట్టిగానే చదివేసింది.

"ఓబయ్య. శవం దొరకలేదు."

అంతసేపూ వినబడుతున్న అలల హోరు ఆగిపోయింది. గుమ్మం అవతల తడికాళ్ల చప్పుడు వచ్చి నిలిచింది.

"పలకబాక తల్లీ," అని గుసగుసగా అన్నాడు రంగనాయకులు. చప్పుడు కాకుండా తలుపు గడియ పెట్టాడు.

బయటి ముసలి గొంతు బతిమాలుతున్నట్టుగా అంది:

"నన్నొక్కణ్ణే పిలిస్తే ఎట్టా పాపా? నాతో మునిగినోళ్ల పేర్లు కూడా చదువు. అంతా ఇక్కడే నిలబడుండారు."