అర్థం కాలేదంటే ఏమనాలి?

“‘వాట్’ అనకూడదమ్మా! వీధిలో పోయేవాణ్ణి కేకేసినట్టుంటుంది,” అన్నారు మాస్టారు. “ఎదుటివాళ్ళ మాట అర్థం కాకపోతే మర్యాదగా అడగాలి. ఏదీ, ‘ఐ డిడ్ నాట్ గెట్ యూ’ అను.”

ఎదురుగా కూర్చున్నావిడ తడబడుతూ అంది. ఆపైన అనుమానంగా అడిగింది.

“అంటే... ‘మీరు నాకు దొరకలేదు’ అనా అండీ?”

మాస్టారికి నవ్వాగలేదు. బళ్ళో ఇంగ్లీషు చెప్పి చెప్పి రిటైరైన మనిషి. నేర్పమని ఎవరొచ్చినా ముందుగదిలో కూర్చోబెట్టుకుంటారు. పాఠం మొదలైతే చాలు, ముఖం కళకళలాడిపోతుంది. ఈవిడకి ఏదో ఆఫీసులో ఇంటర్వ్యూ ఉందట. నలభై దాటి ఉంటాయి, పాపం ఏం అవసరం వచ్చిపడిందో అనుకున్నారు.

“మాట మాటకీ అర్థం తీస్తే ఎలా? ‘మీరన్నది నాకు అందలేదు’ అని దాని భావం. రెండోది, ‘యూ లాస్ట్ మీ’.”

“మీరు నన్ను పోగొట్టుకున్నారు.”

“కొంప ముంచావు! ఆఫీసరు బయటికి పంపిస్తాడు. ‘మధ్యలో దారి తప్పాను, కాస్త విడమర్చి చెప్పండి’ అని!”

ఆవిడ తలొంచుకుని ‘యూ లాస్ట్ మీ’ అని రెండుసార్లు గొణుక్కుంది. కళ్ళు తుడుచుకోవడం చూసి మాస్టారి మనసు చివుక్కుమంది.

“ఛ, ఏడుస్తారా ఎక్కడైనా? మా అమ్మాయికి చెబుతాను, నీకు దగ్గరుండి నేర్పుతుంది. దాని ఇంగ్లీషు ముందు నాది ఎందుకూ పనికిరాదు.”

“ఆవిడెప్పుడొస్తారండీ?”

మాస్టారు గుమ్మంకేసి చూశారు.

“ఏమోనమ్మా. ఈమధ్య బొత్తిగా కనిపించట్లేదు. నేనేదో అని ఉంటాను, అలిగింది. చిన్నప్పుడూ అంతే, మూతి ముడుచుకుని మంచం కింద దూరేది. ఒక్కసారి వస్తే బాగుండును. పల్లెత్తు మాట అనను.”

“వస్తారు లెండి.”

ఆవిడ లేచి, చల్లారిపోయిన ఆయన టీ వంటింట్లోకి తీసుకెళ్ళి, వేడిచేసి తెచ్చి చేతికిచ్చింది. పరాయి ఇంట్లో ఎంత చనువుగా తిరుగుతోందో అనుకున్నారు మాస్టారు. ఆ చనువు ఆయనకి నచ్చింది కూడా.

“రేపూ రా. ‘మళ్ళీ చెప్పండి’ అనడానికి ‘కమ్ అగైన్’ నేర్పుతాను. దాన్ని మాత్రం ‘మళ్ళీ రండి’ అనుకోకు, తల్లీ!” అని తన హాస్యానికి తానే పగలబడి నవ్వారు.

ఆవిడా నవ్వింది. “అలాగేనండీ మాస్టారూ,” అని నమస్కారం పెట్టి, బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. కాసేపు ఆ తలుపుకే ఆనుకుని నిలబడింది.

“వెళ్ళొస్తాను నాన్నా,” అంది, ఆయనకి వినపడకుండా.