ఆఖరి ఎత్తు

మర్నాడు ఆవిష్కరించబోయే విగ్రహం చుట్టూ ఒకసారి తిరిగి వెర్లా నవ్వింది. ముప్పై ఏళ్లు ఊరి ఫుట్‌బాల్ జట్టును గెలిపించిన ఆమె భర్త హార్లన్, కంచులో కూడా నోటికి కాగితం అడ్డం పెట్టుకునే నిలబడ్డాడు.

"ఏమయ్యా కోచ్, సగం మొహమే పోతపోశారేం?" అని పక్కనే ఉన్న భర్తని అడిగింది.

"అవతలి జట్టువాళ్లు పెదవులు చూసి మన ఎత్తు కనిపెట్టేస్తారే."

"ఇప్పుడెవరూ లేరుగా. కప్పు గెలిచిన ఆ ఫైనల్లో ఆఖరి ఎత్తు ఏం చెప్పావో నాకైనా చెప్పు."

హార్లన్ టోపీ సర్దుకున్నాడు.

"'నాకేం తోచట్లేదు డెల్మర్, నువ్వే చెప్పు' అన్నాను. స్టేడియం పైన గదిలోంచి ఆట చూస్తూ వాడే చెప్పాడు, నా చెవిలో ఉన్న ఇయర్‌ఫోన్‌లో."

"ఆ ఒక్కసారేనా?"

"చాలాసార్లు."

వెర్లా నవ్వు ఆగింది. సహాయ కోచ్ అయిన డెల్మర్ పేరు ఊళ్లో పదిమందికి కూడా తెలియదు.

"రేపు మైకులో ఈ మాట చెప్తావా?"

"చెప్తే విగ్రహం పీకేస్తారే."

"పీకరులే. కాస్త పక్కకి జరుపుతారు. డెల్మర్‌కి చోటుండాలిగా."